పసుపు కింద గాయపాకు

సాయంత్రం నేను ఇంటికి రాగానే మా అవ్వ అడిగే మొదటి మాట తిన్నావా అని కాదు. "ఇయ్యాల ఎన్ని కాళ్లు బిడ్డా?" అని. మా ఇంట్లో అమ్మను అవ్వ అనే పిలుస్తాం. నేను ఆర్మూర్‌లో ఒక దవాఖానలో డ్రెస్సింగ్ గది నర్సును. పుండ్లు కడగడం, చీము తీయడం, కట్లు కట్టడం నా పని. చేతులు వస్తాయి, వీపులు వస్తాయి, తలలు వస్తాయి గానీ ఎక్కువగా వచ్చేవి కాళ్లే. చెప్పులు విప్పుతూ ఇరవై అనో ముప్పై అనో నోటికొచ్చిన అంకె చెప్పేదాన్ని. ఆ అంకెను బట్టి నేనెంత అలిసిపోయానో అవ్వకు తెలిసిపోయేది. అది పెద్దదైన రోజు చాయ్‌లో అల్లం ఎక్కువ వేసేది, మాటలు తక్కువ చేసేది.

ఇరవై ఏళ్లు దాటింది ఈ పనిలో. మా ఆయన మస్కట్‌లో ఉంటాడు, రెండేళ్లకోసారి వస్తాడు. పిల్లలు హైదరాబాద్ హాస్టళ్లలో ఉన్నారు. ఇంట్లో నేనూ, అవ్వా. నాకు కోపం ఎక్కువని దవాఖానలో అందరికీ తెలుసు. అది కోపం కాదు, అలసట అని చెప్పినా ఎవరూ నమ్మరు. రెండింటికీ నా ముఖం ఒకేలా ఉంటుందట.

కట్టు విప్పకముందే, వాసనను బట్టి పుండు ఎన్ని రోజులదో చెప్పగలను. గొప్పకు చెప్పుకోవడం లేదు, ఇన్నేళ్లు చేస్తే ఎవరికైనా వస్తుంది. కట్టు కింద ఏముందో కూడా చెప్పగలను. కమ్మర్‌పల్లి నుంచి బస్సులో వచ్చినవాళ్లయినా, నందిపేట్ ఆటో దిగి కుంటుకుంటూ వచ్చినవాళ్లయినా, పుండు మీద ముందుగా పూసుకొచ్చేది ఒక్కటే. గాయపాకు.

మీరూ చూసే ఉంటారు. కొందరు గడ్డిచామంతి అంటారు, కొందరు నల్లాలం అంటారు, బడిపిల్లలు పలకాకు అంటారు. ఆకుల నిండా సన్నటి నూగు. నేల మీద పాకుతుంది, జానెడు కాడ పైకి లేపి దాని చివర ఒకే ఒక్క పువ్వు పెడుతుంది. మధ్యలో పసుపు, చుట్టూ నాలుగైదు తెల్లటి రెక్కలు. ఎవరూ విత్తరు, ఎవరూ నీళ్లు పోయరు. చేను గట్ల మీద, గుట్టకింద నల్లరాళ్ల సందుల్లో, గోదాముల గోడల పక్కన, మార్కెట్ సిమెంటు నేల పగుళ్లలో కూడా మొలుస్తుంది. మా దవాఖాన ప్రహరీ వెంబడి బారుగా ఉండేది. నేను లోపల సీసాల మందు పోసి కడుగుతుంటే, కిటికీ అవతల అది తీరుబడిగా పూసి ఉండేది. చూసినప్పుడల్లా ఒళ్లు మండేది నాకు.

కానీ నేను పెరిగిందే ఆ ఆకు చేతుల్లో. అవ్వ బీడీలు చేసి నన్ను చదివించింది. ఒళ్లో చాట పెట్టుకుని, తునికాకును కత్తెరతో కత్తిరించి, తంబాకు పోసి చుట్టేది. చేయి ఎంత తిరిగినదైనా కత్తెర ఎప్పుడో ఒకప్పుడు వేలి కొసను పట్టుకుంటుంది. అప్పుడు అవ్వ లేచేది కూడా కాదు. "గా ఆకు తే బిడ్డా" అనేది. నేను వాకిట్లోకి ఉరికి నాలుగు ఆకులు తెంపుకొచ్చేదాన్ని. వాటిని అరచేతిలో వేసి బొటనవేలితో నలిపి, పిడికిట్లో పిండితే ముదురాకుపచ్చ రసం చుక్కలుగా దిగేది. తెగినచోట పడగానే చుర్రుమనేది. అవ్వ పళ్ల సందుల్లోంచి గాలి పీల్చేది, ఆ గాలి వదిలేలోపు నెత్తురు ఆగిపోయేది. మళ్లీ కత్తెర, మళ్లీ తునికాకు.

అదొక్కటే కాదు దాని పని. నా పలక తెల్లబడితే అదే ఆకును బొగ్గుతో కలిపి రుద్దేది, పలక కొత్తదానిలా నల్లగా అయ్యేది. ఆకులు దంచి నూనెలో కాచి తలకు పెట్టేది, వెంట్రుకలు నెరవవని. ఎద్దు మెడ మీద కాడి ఒరిసి పుండైతే ముద్ద నూరి పట్టించమని పక్కింటి రైతుకు చెప్పేది. వానకాలం దోమలకు ఎండిన మొక్కను పిడక మీద వేసి పొగబెట్టేది. మేకలు తెచ్చుకున్న ఏడాది వాటి పుండ్లకూ అదే మందు. వాకిలి ఊడ్చేటప్పుడు చీపురు ఆ మొక్కల దగ్గరికి వచ్చాక కొంచెం పక్కకు తిరిగేది. వాడకట్టులో ఎవరికి ఏది తెగినా మా ఇంటికే వచ్చేవాళ్లు. బీడీలు చేసే ఆడవాళ్ల బొటనవేళ్లన్నీ మా అవ్వ చేతి రసం తాగినవే.

నేను నర్సింగ్ చదివి వచ్చాక మా ఇద్దరికీ పడలేదు. ఆకుకు మట్టి ఉంటుంది, మట్టిలో ధనుర్వాతం ఉంటుంది అని నేను చెప్పేదాన్ని. కడిగే పిండుతున్నా కదా అని అవ్వ. ఏ నీళ్లతో అని నేను. చిన్న చీలికకు పరవాలేదవ్వా, లోతుగా దిగినదానికి మాత్రం వద్దు, పైన మూసుకుపోతుంది, లోపల కుళ్లిపోతుంది అని ఎన్నిసార్లు చెప్పానో. అవ్వ విననూ వినేది, చేసేది చేసేది. డ్రెస్సింగ్ గదిలో ఆకు పూసుకొచ్చిన ప్రతివాళ్ల మీదా నేను లేచేదాన్ని. ఆ కేకల్లో సగం మా అవ్వ మీద వేయాల్సినవే అని ఇప్పుడు అనిపిస్తుంది. వాళ్లు పాపం తలవంచుకుని పడేవాళ్లు.

తర్వాత అవ్వకు షుగర్ వచ్చింది. బీడీలు మానిపించాను. కాళ్లలో తిమ్మిరి మొదలైంది, చెప్పు జారిపోయినా తెలియకుండా నాలుగడుగులు నడిచేది. చెప్పుల్లేకుండా తిరగొద్దని, రోజూ పాదాలు చూసుకోమని చెప్పాను. రోగులకు చెప్పినట్టే, అదే గొంతుతో, అదే వరుసలో చెప్పాను. రోజూ నేనే చూస్తానని మాత్రం అనలేదు.

పసుపు వచ్చే నెలల్లో అవ్వను ఇంట్లో కూర్చోబెట్టడం నా తరం కాలేదు. వాడకట్టు ఆడవాళ్లంతా గోదాములకు పోతారు. ఉడకబెట్టి, ఎండబెట్టి తెచ్చిన పసుపును కుప్ప పోస్తే, చుట్టూ కూర్చుని పొడుగాటి కొమ్మును, అంటే కాడిని, ఒక పక్కకు, గుండ్రటి గోళను ఒక పక్కకు ఏరాలి. నీడపట్టున కూర్చుని చేసే పనే కదా, నలుగురితో మాట్లాడుకోవచ్చు, ఇంట్లో గోడలతో ఏం మాట్లాడను అంటుంది. పోనీలే అనుకున్నాను. నిజం చెప్పాలంటే, వద్దని వాదించే ఓపిక లేకపోయింది.

నాకూ అవే నెలలు గడ్డువి. పసుపు తవ్వేటప్పుడు గడ్డపార కాలి మీద పడ్డవాళ్లు, ఆకు కోసిన మోళ్లు గుచ్చుకున్నవాళ్లు, ఉడికే ఆవిరికి చేతులు కాలినవాళ్లు అందరూ అప్పుడే వస్తారు. ఒకరోజు అట్లాగే నడుం విరిగేలా పనిచేసి ఇంటికొచ్చేసరికి, మా అరుగు మీద పక్కవీధి ఆమె కూర్చుని ఉంది. భర్త కాలికి పుండైందట, ఫోనులో ఫోటో తీసుకొచ్చింది. అవ్వ పక్కన కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. నేను ఆ ఫోటో చూడనుకూడా లేదు. "పొద్దంత కాళ్లే చూసి వచ్చిన. ఇంటికొచ్చినంక గూడ నాకు ఎవ్వరి కాలు చూపెట్టకుండ్రి" అన్నాను. పొద్దున దవాఖానకు తీసుకురమ్మని ఒక ముక్క అంటే సరిపోయేది. అదీ అనలేదు. ఆమె ఫోను కొంగులో చుట్టుకుని లేచిపోయింది. అవ్వ చాట దించి నన్ను ఒకసారి చూసింది, మళ్లీ బియ్యంలోకి వంగింది. ఆ రోజు ఎన్ని కాళ్లని అడగలేదు.

అది జరిగిన కొన్నాళ్లకు మా ఇంట్లో ఒక వాసన మొదలైంది. నాకు బాగా తెలిసిన వాసనే. డ్రెస్సింగ్ గదిలో కట్టు విప్పినప్పుడు వచ్చేది. నేను దాన్ని నాతోపాటే ఇంటికి తెచ్చుకున్నానని అనుకున్నాను. ఇన్నేళ్ల పనిలో అది బట్టలకు, వెంట్రుకలకు అంటుకోవడం మామూలే. మొదటి రోజు రెండుసార్లు స్నానం చేశాను. మర్నాడు యూనిఫాం వేడినీళ్లలో నానబెట్టాను. మూడో రోజు చేతిసంచీ ఉతికాను, చెప్పులు కడిగి ఎండలో పెట్టాను. ఇక ఈ పని ఒంట్లోకే దిగిపోయిందని, ఉతికితే పోయేది కాదని అనుకుని విసుగ్గా పడుకున్నాను. అవ్వ నేను చేసే ఈ కడుగుడంతా చూస్తూనే ఉంది.

ఆమె పాదాలు నాకు రోజూ కనబడుతూనే ఉన్నాయి. కనబడినవి పసుపు పాదాలు. పసుపు నెలల్లో ఈ ఊళ్లో ఎవరి పాదమూ దాని రంగులో అది ఉండదు. గోదాములో కూర్చున్నవాళ్లకు గోళ్ల సందుల్లో, మడమల పగుళ్లలో, మోకాళ్ల దాకా పసుపే. ఎంత కడిగినా ఉగాది దాటేదాకా వదలదు. దవాఖానలో అయితే నేను ముందు ఆ పసుపు కడిగి చూస్తాను, రంగు కింద ఎరుపుందా నలుపుందా అని. అది నేను అందరికీ నేర్పే మొదటి పాఠం. మా ఇంట్లో మాత్రం ఆ పసుపును చూసి, గోదాముకు పోయి వచ్చింది అనుకున్నాను.

ఆదివారం సెలవు. తలంటుకుని, ఉతికిన బట్ట కట్టుకుని, దండెం మీద బట్టలు ఆరేసి లోపలికి వచ్చాను. నా ఒంటి మీద సబ్బు వాసన తప్ప ఏదీ లేదు. గుమ్మం దాటగానే ఆ వాసన వచ్చింది. అక్కడే ఆగిపోయాను. అవ్వ మంచం మీద కూర్చుని, కుడికాలు చీర కుచ్చిళ్ల కింద పెట్టుకుని, గోడకు ఒరిగి ఉంది. ముఖం కొంచెం ఎర్రబడి ఉంది, జ్వరం ఉన్నవాళ్లకు ఉన్నట్టు.

కాలు చూపించమన్నాను. ఏం లేదంది. నేను కింద కూర్చుని కాలు పట్టుకుని బయటికి లాగాను. చిటికెనవేలు, దాని పక్కవేలు చుట్టూ పసుపు మందంగా ఉంది. గోదాములో అంటుకున్న పసుపు అంత మందంగా ఉండదు. చెంబుతో గోరువెచ్చటి నీళ్లు తెచ్చి పోశాను. పసుపు కరిగి దిగింది. దాని కింద ముదురాకుపచ్చ, ఎండి పెళుసుగా కరుచుకుని. ఆ రంగు నాకు తెలుసు, నా చిన్నప్పటి అరచేతి రంగు. తడిపి తడిపి దాన్ని కూడా తీశాను. దాని కింద నలుపు.

అవ్వకు నొప్పి తెలియలేదు. నేను వేలును వత్తుతుంటే కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. అప్పుడు చెప్పింది, పది రోజుల కింద బస్తాలు కుట్టే దబ్బణం మీద అడుగు వేసిందట. పెద్ద సూది, వేళ్ల సందులో దిగింది. దిగినట్టు కూడా తెలియలేదు. ఏరుతున్న కుప్పలో ఎర్రటి మరక కనబడి, ఎవరిదని అందరూ ఒకరినొకరు చూసుకుంటే, చివరికి అది తనదని తేలిందట. గోదాము గోడ పక్కనే ఆకు ఉంది. పిండింది, నెత్తురు ఆగింది. మళ్లీ ఏరుతూ కూర్చుంది.

నిజామాబాద్ తీసుకుపోయాను. రెండు వేళ్లు తీసేశారు. ఇంకో వారం ఆగితే పాదమే పోయేదని డాక్టరు చెప్పాడు. నేను నర్సునని ఆయనకు ముందే చెప్పి ఉన్నాను, ఎందుకు చెప్పానా అనుకున్నాను. ఇంట్లో ఎవరూ చూడలేదా అని అడిగాడు. మామూలుగా అడిగాడంతే, నేనూ రోజూ నలుగురిని అట్లాగే అడుగుతాను. తలవంచుకుని నిలబడ్డాను.

రెండో రోజు అవ్వ కాస్త తేరుకున్నాక, నాకు ఆగక అడిగాను. ఆకు పెట్టుకున్నావు సరే, అది నీకు అలవాటు. దాని మీద పసుపు ఎందుకు రుద్దుకున్నావు? పుండు మానుతుందనా?

అవ్వ అబద్ధం ఆడదలుచుకోలేదు. "మానుతదని గాదు. ఆకు మరక నీకు కనవడొద్దని" అంది.

నేను తిడతానని భయపడ్డావా అన్నాను.

"నీ తిట్లు నాకు కొత్తనా బిడ్డా? గా పొద్దు నువ్వు అన్నవ్ గద, ఇంటికొచ్చినంక ఎవ్వరి కాలు చూపెట్టొద్దని. నీ మొఖం మస్తు గుంజుకపోయి ఉండె. గీ ముసల్దాని కాలు గూడ ఎందుకు నీకు అనుకున్న. జర నీ పని తక్కువైనంక చెప్తమనుకున్న."

నాకు ఏడుపు రాలేదు. సిగ్గేసింది. ఇరవై ఏళ్లుగా ఎవరెవరివో కాళ్లు ఒళ్లో పెట్టుకుని కడిగిన మనిషిని. వాళ్లు దాచుకుంటే మూర్ఖులన్నాను, ఆలస్యంగా వస్తే నిర్లక్ష్యం అన్నాను. మా అవ్వ కాలు దాచుకుంది నా కోసం. నేను వాసన పోవాలని యూనిఫాం నానబెడుతుంటే, అది తన కాలిదని తెలిసి, నేను ఇంకా అలిసిపోతానని ఊరుకుంది.

ఇంటికి తెచ్చాక నా కోపం అంతా మొక్క మీద పడింది. వాకిట్లో, గోడ వెంబడి ఎక్కడ కనబడితే అక్కడ పీకి కుప్పవేశాను. చేతులు ఆకుపచ్చగా అయ్యాయి. అవ్వ మంచం మీదనుంచి చూస్తూ, "అదేం చేసింది?" అంది. నిజమే, అదేం చేసింది. నెత్తురు ఆపమంటే ఆపింది. లోపలికి దిగినదాన్ని చూడాల్సిన కళ్లు దానికి లేవు, నాకు ఉన్నాయి. తొలివానకు మళ్లీ మొలిచింది, మునుపటికంటే దట్టంగా. ఈసారి పీకలేదు. మొన్న కూరగాయలు తరుగుతుంటే వేలు తెగింది. వాకిట్లోకి పోయి, నాలుగు ఆకులు తెంపి, బాగా కడిగి నేనే పిండుకున్నాను. అవ్వ చూసింది గానీ వెక్కిరించలేదు.

దవాఖానలో పెద్దగా మారిందేమీ లేదు. అవే కాళ్లు, అవే ఆకులు, మధ్యాహ్నానికి అదే నడుం నొప్పి. ఆకు పూసుకొచ్చినవాళ్ల మీద అరవడం మాత్రం తగ్గింది. ఎందుకు పూశావు అని అడగను. ఇంట్లో ఎవరికి చూపించావు అని అడుగుతాను. చాలామంది ఎవ్వరికీ లేదంటారు. పక్కవీధి ఆమె భర్తను నేనే పిలిపించి చూశాను. అప్పటికే వేరేచోట చూపించుకుంటున్నాడు. మానుతోంది. ఆమె నాతో మాట్లాడుతుంది గానీ మా అరుగు మీద కూర్చోదు.

అవ్వ ఇప్పుడు కొంచెం ఒక పక్కకు ఒరిగి నడుస్తుంది. మెత్తటి చెప్పులు తెచ్చాను, అవి వేసుకుని వాకిలి దాకా పోయి వస్తుంది. పసుపు మళ్లీ వచ్చింది. గోదాములకు పోయే ఆడవాళ్లు పొద్దున్నే మా ఇంటి ముందునుంచి పోతూ అవ్వను పలకరిస్తారు. ఆమె రెండు పాదాలూ ఈ ఏడు వాటి రంగులోనే ఉన్నాయి. వాటిని చూసుకుని, ఎవరివో కాళ్ల తీరు ఉన్నయని అంటుంది.

నిన్న సాయంత్రం ఇంటికి వచ్చేసరికి నిలబడే ఓపిక లేదు. పొద్దున్నుంచి కూర్చోలేదు, మధ్యాహ్నం డబ్బా విప్పకుండానే వెనక్కి తెచ్చాను. చేతులు కడుక్కుని, గిన్నెలో గోరువెచ్చటి నీళ్లు, మెత్తటి గుడ్డ తీసుకుని మంచం ముందు కింద కూర్చున్నాను. రోజూ కూర్చుంటున్నట్టే. అవ్వ వెంటనే కాలు చాచలేదు. చీర అంచు పాదాల మీదకు లాక్కుని, నా ముఖంలోకి చూసింది.

"ఇయ్యాల ఎన్ని కాళ్లు బిడ్డా?"

"ఒక్కటి గూడ రాలేదవ్వా" అన్నాను. "నీదే మొదలు."

నమ్మిందో లేదో తెలియదు. చీర అంచు పక్కకు జరిపి, కాలు నా ఒళ్లో పెట్టింది.